పంచధారల ధర్మలింగేశ్వరాలయము: ఒక పరిశీలన

ఒక ప్రాచీనాలయమును గూర్చి వ్రాయబూనినపుడు మన పరిశోధకులు మొట్టమొదట వేయు ప్రశ్న ‘దీనిని కట్టించిన రాజెవ్వడు?’ అనునది. ప్రశ్న యుచితమే. కాని ప్రతి యాలయమునకును అదియే మొదటి ప్రశ్న కాజాలదని మా యభిప్రాయము. అనకాపల్లి జిల్లాలోని పంచధారల ధర్మలింగేశ్వరాలయము ఇందులకు చక్కని నిదర్శనము.

యలమంచిలికి సమీపమున, రాంబిల్లి మండలమునందు, ధారపాలెమను గ్రామము కలదు. అచ్చటి కొండ ఊటనీరు ఐదు ధారలుగా జాలువారును. ఆ ధారల చెంతనే శివాలయము వెలసినది. యమధర్మరాజు ప్రతిష్ఠించుటచే స్వామికి ధర్మలింగేశ్వరుడను పేరు కలిగినదని స్థలపురాణము. ఆలయమునందలి స్తంభశాసనములలో రెండు ప్రసిద్ధములు. కోనరాజైన మూడవ చోడునిది క్రీ. శ. 1403 నాటిది, చాళుక్య విశ్వేశ్వరునిది 1407 నాటిది. ఈ రెండును ఎపిగ్రాఫియా ఇండికా పందొమ్మిదవ సంపుటమున ప్రకటితములైనవి. సర్వసిద్ధి చెంత విశ్వేశ్వరుడు ఆంధ్రసైన్యములను జయించెనని శాసనము కీర్తించుచున్నది. ఆ సర్వసిద్ధి గ్రామము నేటికిని ఈ జిల్లాలోనే యున్నది.

ఈ తేదీలను బట్టి ఆలయమును పదునైదవ శతాబ్దపు నిర్మాణమనుట తొందరపాటగును. శాసనమే నిర్మాణమును పేర్కొన్నపుడు తప్ప, దానివలన తేలునది ఒక్కటియే: అక్షరములు చెక్కిన నాటికి ఆ స్తంభము కలదు. స్తంభము వయస్సు గర్భాలయమునకు వయస్సు కాదు. దాత పేరు నిర్మాత పేరు కాదు. ఈ భేదమును పాటింపక వ్రాసిన ఆలయచరిత్రలు మనకు తక్కువగా లేవు.

ఇక గ్రామనామమును చూతము. ప్రజల నోట ‘పంచదార్ల’ యైన ఈ పేరునకు తీపి పంచదారతో ముడిపెట్టుటకు అవకాశము కలదు. అనకాపల్లి బెల్లమునకు పేరుపొందిన సీమ యగుటచే ఆ యూహ మరింత ఇంపుగ తోచును. కాని శాసనముల పేరు ‘పంచధారల’. బహువచన ‘ల’కారము స్పష్టము. వ్యవహారమున ఒత్తు జారి, నడిమి యచ్చు లోపించి, ‘పంచదార్ల’ యైనది. అనగా ఈ స్థలనామము రాజును చెప్పదు, దేవుని చెప్పదు, నీటిని చెప్పును.

మా వాదమునకు ఇదియే మూలము. ఇచ్చట నీరు ముందు, ఆలయము వెనుక. నంద్యాల జిల్లాలోని మహానందియందును ఊటనీరే ఆలయస్వరూపమును తీర్చినది. అచ్చట నీరు కోనేట నిలిచి పారును, ఇచ్చట కొండనుండి ధారగా పడును. భక్తుడు ధారలలో స్నానమాడి స్వామిని సేవించును. ఈ క్రమమును విడిచి శిల్పమును మాత్రమే వర్ణించినచో ఆలయమును సగమే చూచినట్లగును.

శాసనములు లేనిచో ఇదంతయు పుక్కిటి పురాణముగా మిగిలెడిదని కొందఱు ఆక్షేపింపవచ్చును. శాసనముల విలువను మేము తగ్గించుట లేదు. జయించిన రాజు తన కీర్తిని నిలుపుటకు ఈ కొండపంచనే ఏల ఎన్నుకొనెనని మాత్రమే అడుగుచున్నాము. జనులు చేరుచోటనే కదా కీర్తి చదువబడును! జనులను చేర్చినవి ఈ ధారలని మా యూహ. రాజులు పుణ్యస్థలమును సృష్టింపలేదు, ఆశ్రయించినారు.

ఈ దృష్టితో చూచిన కర్తవ్యమొకటి గోచరించును. మన గ్రామాలయములందు స్తంభములకు సున్నము, రంగులు పూయుట పరిపాటి. జీర్ణోద్ధరణ పేర రాళ్ళను తావు మార్చుటయు కలదు. శాసనపాఠము అచ్చయినది గనుక నష్టము లేదని భావింపరాదు. ఏ స్తంభము, ఏ ముఖము, గర్భాలయమున కెంత దూరము, ధారల కే దిక్కు అను వివరములు అచ్చుప్రతిలో అన్నియు దొరకవు. పరిశోధకవిద్యార్థులు పాఠమును ఉదాహరించుటకు ముందు ఒకసారి ఆ కొండ కడకు పోయి, ఈ కొలతలు వ్రాసికొని రావలెనని మా ప్రార్థన. పాఠము గ్రంథాలయమున మరల దొరకును. తావు తప్పిన స్తంభము దొరకదు.