ఏ ఊరి కథకు ఆ ఊరి మాట: శ్యామ్ బెనెగల్ సినిమా

శ్యామ్ బెనెగల్ 1934 డిసెంబరు 14న సికింద్రాబాదు పక్కన తిరుమలగిరిలో పుట్టారు. కొంకణి కుటుంబం, చుట్టూ తెలుగు, దక్కనీ ఉర్దూ. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఫొటోగ్రాఫర్. పన్నెండేళ్ల వయసులో తండ్రి కెమెరాతోనే తొలి చిత్రం తీసిన ఆ కుర్రాడు, ఉస్మానియాలో ఎకనామిక్స్ చదివి, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీకి పునాది వేసి బొంబాయి చేరుకున్నాడు. అక్కడ ప్రకటనల కంపెనీల్లో వందలకొద్దీ చిన్న చిత్రాలు తీశాక, నలభయ్యో ఏట గానీ తొలి కథాచిత్రం తీసే అవకాశం రాలేదు. అదే 1974 నాటి 'అంకుర్'.

హిందీ సినిమాగా లెక్కలోకొచ్చినా 'అంకుర్' పాత్రల మాట దక్కనీ. 'నహీ'కి బదులు 'నక్కో', 'హా'కి బదులు 'హౌ'. జగిత్యాల, కోరుట్ల బజార్లలో తెలుగు పక్కనే ఇప్పటికీ వినిపించే మాట ఇదే. అంతకుముందు హిందీ తెరమీద దక్కనీ నవ్వులాటకే తప్ప పనికిరాలేదు. బెనెగల్ దాన్ని ఏడ్పుకూ, కోపానికీ, సిగ్గుకూ వాడుకున్నారు. అయితే ఒక లోటుంది. ఈ సినిమాలోని లక్ష్మి, కిష్టయ్యల్లాంటి మనుషులు తమ గుడిసెలో దక్కనీ మాట్లాడుకోరు. దొరగారి కచేరి గడప దాటగానే వాళ్లది తెలుగే. హిందీ మార్కెట్ కోసం చేసుకున్న ఈ సర్దుబాటు తెలుగు ప్రేక్షకుడికి ఇట్టే తెలిసిపోతుంది. ఆ లోటును కొంత పూడ్చేది కిష్టయ్యే. అల్యూమినియం గిన్నెలొచ్చి కుండలు అమ్ముడుపోక చితికిన కుమ్మరి అతను, చెవిటివాడు, మూగవాడు. దొరకొడుకు కొరడాతో కొడుతుంటే అతని నోటివెంట ఒక్క మాటా రాదు. చివర ఒక పిల్లవాడు దొర కిటికీ మీదికి రాయి విసురుతాడు, తెర ఎర్రబడుతుంది. ఏ భాషా అక్కర్లేని ముగింపు!

మరుసటేడు వచ్చిన 'నిశాంత్' గడీల కథ. విజయ్ టెండూల్కర్ రాసిన ఈ కథ 1945 నాటి తెలంగాణలో జరుగుతుంది. బడిపంతులు భార్యను దొర తమ్ముళ్లు ఎత్తుకుపోతారు, చివరికి ఊరు తిరగబడుతుంది. తిరగబడ్డ జనం దోషిని, నిర్దోషిని వేరుచేసి చూడకపోవడమే ఆ సినిమాలో అన్నిటికన్నా భయపెట్టే సంగతి. సినిమా వచ్చిన మూడేళ్లకు, 1978 సెప్టెంబరులో, జగిత్యాల జైత్రయాత్రలో వేలమంది రైతుకూలీలు దొరల పెత్తనం మీద కదిలారు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తెరమీద గతంగా చూపించింది ఈ తాలూకాల్లో అప్పటికి ఇంకా వర్తమానమే.

ఆ 1978లోనే బెనెగల్ తెలుగులోకి వచ్చారు. ఖానోల్కర్ మరాఠీ నవల 'కొండూరా'ను హిందీలో అదే పేరుతో, తెలుగులో 'అనుగ్రహం'గా తీశారు. తెలుగు మాటలు ఆరుద్రవి. అనంత్ నాగ్, వాణిశ్రీ, స్మితా పాటిల్ రెండింటిలోనూ ఉన్నారు. డబ్బింగ్ వేరు, ద్విభాషా చిత్రీకరణ వేరు. డబ్బింగులో అప్పటికే కదిలిన పెదవులకు మాట లొంగాలి. ద్విభాషా చిత్రంలో సన్నివేశాన్ని మళ్లీ ఆడాలి. ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద తల తిప్పాలో రెండో భాష కొత్తగా తేలుస్తుంది. ఖర్చు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ.

సిరిసిల్ల పాఠకుడు వెతికి చూడాల్సింది 1987 నాటి 'సుస్మన్'. పోచంపల్లి నేతగాడు రాములుగా ఓం పురి, అతని భార్య గౌరమ్మగా షబానా ఆజ్మీ నటించారు. నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దే ఇక్కత్ పని, పడుగు, పేక, నాడె అన్నీ ఇందులో కథకు అలంకారాలుగా కాక కథగానే కనిపిస్తాయి. పెద్దింటివాళ్లకు పట్టు నేసే ఇంట్లో కూతురి పెళ్లిచీరకు కాస్త పట్టు మిగుల్చుకుంటే అది దొంగతనమవుతుంది. సిరిసిల్లది చేతిమగ్గం పట్టు కాదు, సాంచాల (మరమగ్గాల) మీద గుడ్డ. చప్పుడు వేరు, సరుకు వేరు. నేసినవాడి చేతికి గుడ్డ దక్కకపోవడం మాత్రం ఒకటే.

మిగతా ప్రయాణం చాలా దూరం సాగింది. గుజరాత్ పాల సహకార సంఘాల మీద 'మంథన్' (1976) తీయడానికి ఐదు లక్షలమంది రైతులు తలా రెండు రూపాయలు వేసుకున్నారు. గాంధీ దక్షిణాఫ్రికా జీవితాన్ని 1996లో ఇంగ్లీషులో తీశారు. 2005 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు.

ఊరి మాటను ఏ సర్దుబాటూ లేకుండా వాడుకున్న సినిమా సిరిసిల్ల మనిషి చేతుల మీదుగానే వచ్చింది. 2023 మార్చిలో విడుదలైన వేణు ఎల్దండి 'బలగం'లో చనిపోయిన మనిషి పేరిట పిట్టకు పెట్టిన కూడు కాకి ముట్టదు. తెగిన చుట్టరికాలు బుడగజంగాల పాటతో కలుస్తాయి. ఊళ్లలో చౌరస్తాల్లో తెరలు కట్టి జనం దాన్ని చూశారు. అదే ఏడు అక్టోబరులో వచ్చిన బెనెగల్ చివరి చిత్రం 'ముజిబ్' బెంగాలీలో ఉంది. ఆయన 2024 డిసెంబరు 23న ముంబయిలో కన్నుమూశారు. తెలుగులో ఆయన తీసిన కథాచిత్రం 'అనుగ్రహం' ఒక్కటే.