‘ప్రజాహితం’ అనే పదబంధం: ఉగ్రవాదం, పౌరసత్వ రద్దు, పౌరహక్కులు – ఒక విమర్శ

పౌరసత్వ రద్దుపై చర్చ సాధారణంగా లండన్ నుంచి మొదలవుతుంది. 2015లో పదిహేనేళ్ళ వయసులో సిరియాకు వెళ్ళిన షమీమా బేగం పౌరసత్వాన్ని బ్రిటన్ ప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో రద్దు చేసింది. 2024లో అక్కడి అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. తెలుగు పరిశోధకులకు ఇంతకంటె దగ్గరగా ఉన్న వ్యాజ్యం వేములవాడది. అందులో ఉగ్రవాద ఆరోపణ లేదు. అయినా రెండింటిలోనూ కీలకంగా వినిపించిన పదబంధం ఒక్కటే: ‘ప్రజాహితానికి అనుకూలం’.

చెన్నమనేని రమేష్ జర్మన్ పౌరసత్వం పొంది, స్వదేశానికి వచ్చి, 2009 ఫిబ్రవరిలో నమోదు పద్ధతిన భారత పౌరుడయ్యారు. అదే ఏడాది వేములవాడ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లో చేసిన విదేశీ ప్రయాణాలను దాచారన్న కారణంతో కేంద్ర హోంశాఖ 2017లో ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2019 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, ప్రజాహితం గురించి చెప్పే 10(3) ఉపవిభాగాన్ని కూడా పరిగణించి మళ్ళీ నిర్ణయించమంది. నవంబరులో హోంశాఖ మళ్ళీ రద్దు చేసింది. 2024 డిసెంబరు 9న హైకోర్టు ఆయనను జర్మన్ పౌరుడిగానే నిర్ధారించి, 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. ఆ తీర్పు ప్రధానంగా జర్మన్ పౌరసత్వం కొనసాగిందన్న వాస్తవ నిర్ధారణపై నిలిచింది. కాబట్టి ప్రజాహితం అనే మాటకు ఎంత బలముందో ఈ వ్యాజ్యంతో పూర్తిగా తేలిందనలేము.

ఆ మాట పుట్టుక ఆసక్తికరమైనది. 1948 బ్రిటిష్ జాతీయతా చట్టంలో అది ప్రభుత్వానికి వేసిన పగ్గం. మోసం, అవిధేయత వంటి కారణం రుజువైనా, ఆ వ్యక్తి పౌరుడిగా కొనసాగడం ప్రజాహితానికి అనుకూలం కాదని ప్రభుత్వం సంతృప్తి చెందితే తప్ప పౌరసత్వం తీసివేయరాదు. మన 1955 చట్టం 10వ విభాగం ఈ నిర్మాణాన్నే స్వీకరించింది. అయితే 2005 జులైలో లండన్‌లో జరిగిన బాంబుదాడుల తరువాత, 2006లో బ్రిటన్ ఆ పదబంధాన్ని తలకిందులు చేసింది. రద్దు ప్రజాహితానికి అనుకూలమని హోంమంత్రి సంతృప్తి చెందడమే రద్దుకు చాలిన కారణమైంది. పగ్గంగా ఉన్న మాట కొరడాగా మారింది. షమీమా బేగంపై ప్రయోగించినది ఈ రెండవ అర్థాన్నే. ఒకే పదబంధం కనుక రెండు దేశాల చట్టాలూ ఒకటేనని వాదించే వ్యాసాలు ఈ మలుపును గమనించవు.

అలాగని భారత చట్టంలో ప్రమాదం లేదనడం సరికాదు. 10వ విభాగంలో ఉగ్రవాదం అన్న మాటే లేదు. ఆ లోటును పూరించగలిగేది 10(2)లోని రెండవ కారణం: చేత వల్లగాని, మాట వల్లగాని రాజ్యాంగం పట్ల అవిధేయత, విముఖత కనబరచడం. బ్రిటిష్ చట్టంలో రాజు ఉన్నచోట మన చట్టం రాజ్యాంగాన్ని నిలిపింది. మిగిలిన పదజాలం దాదాపు అదే. భారత శిక్షాస్మృతి 124ఎలోని రాజద్రోహానికి ప్రాణమైన ‘విముఖత’ అన్న మాట 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 152వ విభాగంలో లేదు. పౌరసత్వ చట్టంలో మాత్రం అది చెక్కుచెదరలేదు. రాజద్రోహాన్ని హింసకు పురికొల్పే మాటలకే పరిమితం చేసిన 1962 నాటి కేదార్‌నాథ్ తీర్పు ఇక్కడ తనంతట తాను వర్తించదు. ఆ పరిమితిని ఈ నిబంధనలోనూ చదవాలని వాదించవలసిన అవసరం ఉంది.

2019 సవరణతో చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం 35వ విభాగం కింద కేంద్రం ఒక వ్యక్తిని విచారణ లేకుండానే ఉగ్రవాదిగా ప్రకటించగలదు. అలాంటి ప్రకటననే 10(3)లోని ‘సంతృప్తి’కి ఆధారంగా తీసుకుంటే, నేరం రుజువు కాకుండానే ఒక పరిపాలనా నిర్ణయం మరొకదానికి సాక్ష్యమవుతుంది. అసలు పేచీ ఇక్కడ ఉంది.

ఆత్మకూరు, ఉదయగిరి వంటి పశ్చిమ నెల్లూరు ప్రాంతాలలో పుట్టుకతో పౌరుడైన వ్యక్తిని 10వ విభాగం తాకదు. అదే ఊరి నుంచి విదేశానికి వెళ్ళి, అక్కడి పౌరసత్వం పొంది, తిరిగివచ్చి నమోదు చేసుకున్నవారిని తాకుతుంది. ఒకే ఇంట్లో అన్నదమ్ముల పౌరసత్వాలకు రెండు రకాల భద్రత. నెల్లూరు జిల్లావాసులకు పనిచోటుగా పరిచితమైన కువైట్‌లోనే 2024 నుంచి వేలమంది పౌరసత్వాన్ని ప్రభుత్వం ఉపసంహరించింది. పెళ్ళి ద్వారా పౌరులైన విదేశీ మహిళలు వారిలో పెద్దసంఖ్యలో ఉన్నారు. పుట్టుకతో పౌరుడైనవాడికీ పాస్‌పోర్టు విషయంలో పూర్తి అభయం లేదు. 1967 పాస్‌పోర్టుల చట్టం 10(3) కింద, సాధారణ ప్రజల ప్రయోజనాల పేరుతోనే, 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. న్యాయమైన ప్రక్రియ లేకుండా వ్యక్తి స్వేచ్ఛను హరించరాదని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది ఆ వ్యాజ్యంలోనే. పాస్‌పోర్టుకే అంత రక్షణ ఉన్నప్పుడు పౌరసత్వానికి అంతకంటె తక్కువ సరిపోతుందనడం కష్టం.

రక్షణ బొత్తిగా లేదని కాదు. దీర్ఘకాల విదేశీ నివాసమనే కారణం తప్ప మిగిలినవాటిలో, బాధితుడు కోరితే విచారణ సంఘానికి నివేదించాలి. దాని అధ్యక్షుడికి కనీసం పదేళ్ళ న్యాయాధికార అనుభవం ఉండాలి. కానీ ఆ నివేదికను ప్రభుత్వం ‘సాధారణంగా’ అనుసరించాలని మాత్రమే చట్టం అంటుంది. ఎప్పుడు అనుసరించనవసరం లేదో చెప్పదు. ఆస్ట్రేలియా హైకోర్టు 2022లో అలెగ్జాండర్ వ్యాజ్యంలో, ఉగ్రవాద ప్రవర్తన పేరుతో మంత్రి పౌరసత్వాన్ని తొలగించడం శిక్షతో సమానమని, శిక్ష విధించడం న్యాయస్థానాల పని అని ఆ నిబంధనను కొట్టివేసింది. మన 10వ విభాగంలో కారణాలను తేల్చేదీ, సంతృప్తి చెందేదీ, సంఘం నివేదికను పక్కనపెట్టగలిగేదీ కేంద్ర ప్రభుత్వమే.