నీతికథలో నిజమెంత?

దప్పిగొన్న కాకి కుండలో గులకరాళ్ళు వేసి, నీటిని పైకి తెచ్చుకొని తాగిన కథ ఈసపు పేరుతో లోకమంతటా ప్రచారంలో ఉన్నది. ఇది నిజమా అని విద్యార్థి అడిగితే ఉపాధ్యాయుడు ఏమి చెప్పాలి?

2009లో బర్డ్, ఎమరీ అనే శాస్త్రజ్ఞులు కాకిజాతికి చెందిన రూక్ పక్షులను పరీక్షించారు. గొట్టంలోని నీటిపై పురుగు తేలుతుండగా, అవి రాళ్ళు వేసి నీటిమట్టం పెంచి దానిని అందుకొన్నాయి. కథ రుజువైందని సంతోషించవచ్చునా? మరొక లెక్క ఉన్నది. ఒకే పరిమాణంగల గుండ్రని రాళ్ళు పోసినపుడు వాటి నడుమ నూటికి సుమారు 40 పాళ్ళు ఖాళీ మిగులుతుంది. నిలువు గోడల పాత్రలో నీరు అంతకంటె తక్కువైతే, రాళ్ళు అంచుదాకా నిండినా నీరు అంచుకు చేరదు. అంతమాత్రాన కథ అబద్ధమూ కాదు.

నీతికథలోని జంతువు మనిషికి తొడిగిన ముసుగు. పంచతంత్రంలో నక్కలు రాజనీతి చర్చించేది అందుకే. బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథవంటి ఉపమానంలో, ఇంటి సంగతి ద్వారా ధర్మం బోధపడుతుంది. 1697లో పెరో ప్రచురించిన సిండ్రెల్లా అద్భుతకథ. అందులో గుమ్మడికాయ బండి అవుతుంది. ఎట్లా అని ఎవరూ అడగరు. ఒక్కొక్క కథాజాతికి ఒక్కొక్క ఒప్పందం ఉన్నది.

ప్రయోగం పక్షిని గురించి చెబుతుంది. కథ మనిషి ఉపాయాన్ని గురించి చెబుతుంది. ఈ భేదం తెలియని విద్యార్థి, హంస పాలను నీటినుండి వేరుచేస్తుందన్న కవుల మాటను కూడా జీవశాస్త్రమని నమ్ముతాడు. కథను కథగా చదవడం నేర్పితే, శాస్త్రాన్ని శాస్త్రంగా చదవడమూ అలవడుతుంది.