ఆహార సూత్రములు – సంతానాపేక్ష : ఒక సమీక్ష

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శక గ్రంథములో 17 సూత్రములున్నవి. వివరణ సుబోధకము. గర్భిణులకొక సూత్రము, స్థూలకాయ నివారణకొక సూత్రము కలవు. ముప్పదియేండ్లు దాటి, అధిక బరువుతో గర్భమునకై ఎదురుచూచు స్త్రీకి మాత్రము ప్రత్యేక సూత్రము లేదు. ఇది లోపమే.

“ముందు బరువు తగ్గి రండి” అనుట సులభము. కొవ్వు హెచ్చినచో అండము విడుదల క్రమము తప్పవచ్చుననుట నిజమే. కాని 2016లో ప్రకటితమైన నెదర్లాండ్సు పరిశోధనను చూడుడు. సంతానములేని 577 మంది స్థూలకాయ స్త్రీలలో సగముమందికి చికిత్సకు ముందు ఆరునెలలు బరువు తగ్గించు శిక్షణ నిచ్చిరి. వారిలో చికిత్స లేకయే గర్భము ధరించినవారు హెచ్చిరి. అయినను రెండేండ్లలో నెలలు నిండి, సహజ ప్రసవమై, ఆరోగ్యవంతమగు శిశువును కన్నవారు 27 శాతమే. వెంటనే చికిత్స పొందినవారిలో 35 శాతము.

బరువు తగ్గుట మేలే. దానికై చికిత్సను వాయిదా వేయుట అందరికి తగదు. ఎర్రగడ్డ రైతుబజారులో ఆకుకూరలు దొరకును; గడచిన వయస్సు దొరకదు. మలిముద్రణలో ఈ విషయము చేర్చుట అవసరము.