టులెట్ బోర్డుతో లూపులు

ఈ వారం మా మేనకోడలు నాకు తిక్క తెప్పించింది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో క్యాడెట్. కంట్రోల్ లైన్ విమానం సొంతంగా చేసిందని వాళ్లమ్మ ఫోన్లో మురిసిపోతుంటే ఆదివారం పొద్దున్నే మైదానానికి పోయాను. తీరా చూస్తే అది బాల్సా చెక్క కాదు, సన్‌ప్యాక్ షీటు! కరెంటు స్తంభాలకు టులెట్ బోర్డులు కడతారే, అదే. రెక్క మీద "అడ్మిషన్లు జరుగు" వరకు అక్షరాలున్నాయి, మిగతాది కత్తెరకు పోయింది. "కోచింగ్ సెంటర్ వాళ్ల పాత బోర్డు మావయ్యా, ఊరికే ఇచ్చారు" అంది, అదేదో ఘనకార్యమైనట్టు.

నా బాల్సా చాదస్తం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. రిబ్బులు ఒక్కొక్కటే బ్లేడుతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, టిష్యూ అంటించి, డోప్ పూసి, అది ఆరి బిగిసి వేలితో కొడితే డప్పులా మోగాలి. అలా చెయ్యని చేతికి ఎగరేసే హక్కు లేదని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. ఒకరిద్దరు తిట్టారు కూడా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎగరేసేవాళ్లు మైదానం మధ్యలో నిలబడతారు. చేతిలో హ్యాండిల్, దాన్నుంచి విమానం దాకా రెండు సన్నని స్టీలు వైర్లు, పదిహేను ఇరవై మీటర్ల పొడవు. మణికట్టు వంచితే లోపల బెల్‌క్రాంక్ తిరిగి, తోక దగ్గర ఎలివేటర్ కదులుతుంది. రేడియో లేదు. ముక్కు పైకో కిందికో, అంతే. 1940ల్లో అమెరికాలో జిమ్ వాకర్ దీన్ని ఊరూరా చూపించాడు. రెండు చేతులతో రెండు విమానాలు, హెల్మెట్‌కు కట్టి మూడోది. ఆయన పేటెంటు మాత్రం తర్వాత కోర్టులో నిలవలేదు. అంతకుముందే ఒబా సెయింట్ క్లెయిర్ అనే ఆయన 1930ల్లోనే ఇలాంటిది ఎగరేశాడని తేలింది. ఆ రెండు వైర్లతోనే లూపులు, చదరపు లూపులు, త్రికోణాలు, ఎనిమిది అంకెలు వేయిస్తారు. అంతర్జాతీయ పోటీల్లో అన్నిటికీ కలిపి ఏడు నిమిషాలు. లూపు అడుగు నేలకు మీటరున్నర ఎత్తులో ఉండాలి, పైకొస వైర్లు నలభై అయిదు డిగ్రీలు లేచినచోట ఉండాలి. అంతకు ఎక్కువైనా తక్కువైనా జడ్జీలు మార్కులు కోస్తారు.

నా క్యాడెట్ రోజుల్లో మాకు నేర్పిన సారు ఎయిర్‌ఫోర్సులో పనిచేసి వచ్చినాయన. మైదానంలోకి రానిచ్చే ముందు కొబ్బరి ఈనెకు అట్ట విమానం గుచ్చి చేతికిచ్చేవారు. దాన్ని గాల్లో తిప్పుతూ లూపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించాలి. తప్పితే మళ్లీ మొదటికి. గాలి వీపున తగిలేలా నిలబడి, ఎదురుగానే విన్యాసం చెయ్యమనేవారు. ఆ దిక్కున గాలే విమానాన్ని బయటికి తోసి వైర్లను బిగువుగా ఉంచుతుంది. గాలికి ఎదురుదిక్కున లూపు వేస్తే వైరు సడలుతుంది. సడలిన వైరుతో మణికట్టు ఎంత తిప్పినా విమానానికి తెలియదు. కళ్లు తిరగకుండా చూపు విమానం మీదే పెట్టమనేవారు, వెనక చెట్ల మీద కాదు. మూడు లూపులు వేస్తే వైర్లు మూడు మెలికలు పడతాయి. అయినా ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి. ఆ జారుడు చెడకూడదని ముందే గుడ్డతో తుడిపించేవారు. డీజిల్ ఇంజన్‌లో పోసే ఈథరు, కిరసనాయిలు, ఆముదం కలిసిన వాసన సాయంత్రం దాకా చొక్కాను వదిలేది కాదు.

అసలు గండం ఇన్వర్టెడ్. తలకిందులుగా పోతున్న విమానం ముక్కు కాస్త వాలగానే చెయ్యి దానంతటది అలవాటైన "పైకి" లాగుతుంది. వెల్లకిలా ఉన్న విమానం ఆ లాగుడుకు నేరుగా నేలలోకి పోతుంది. ఇంజన్ ఆపుదామంటే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగదు. సారు "పైకి, కిందికి అనే మాటలు మర్చిపోరా. కాక్‌పిట్ వైపు, చక్రాల వైపు అనుకో" అనేవారు. ఇప్పటికీ అంతకన్నా మంచి పాఠం నేను వినలేదు.

కానీ ఆ పాఠం మాలో ఎందరికి చేతికెక్కింది? యూనిట్ మొత్తానికి ఎగిరే బాల్సా విమానం ఒకటే. దాన్ని విరగ్గొడితే అతికేసరికి వారాలు పట్టేది, ఆ వారాలన్నీ మిగతా క్యాడెట్లు మనల్ని కొరకొరా చూసేవాళ్లు. హ్యాండిల్ పట్టగానే మణికట్టు కర్రలా బిగిసిపోయేది. ఇన్వర్టెడ్ గురించి పరీక్షలో రెండు పేజీలు రాయగలిగినవాళ్లు చాలామంది. ఎగరేసి చూపినవాళ్లు బహు తక్కువ.

ఆదివారం మా పిల్ల సగం లూపు ఎక్కి, పైన తలకిందులుగా నిలబెట్టి, గాభరాపడి నేలకు కొట్టింది. నా గుండె జారింది. తను మాత్రం దుమ్ము దులిపి, వంగిన ముక్కు చేత్తో సరిచేసి, టేపు చుట్టి, కొత్త ప్రొపెల్లర్ బిగించి మళ్లీ ఎగరేసింది. మళ్లీ కొట్టింది. మధ్యాహ్నానికి చక్కర్ల మీద చక్కర్లు తలకిందులుగా తిప్పుతోంది. "కాక్‌పిట్ వైపు, చక్రాల వైపు" సూత్రం ఎవరు చెప్పారే అంటే, ఎవరూ చెప్పలేదంది. పడగొట్టగా పడగొట్టగా చేతికే తెలిసిందట.

సన్‌ప్యాక్ బరువు. చదరపు లూపు మూలలు దాంతో సరిగ్గా తిరగవు. అక్కడ తేలికైన బాల్సా, ఎలివేటర్‌కు ఎదురుగా కదిలే ఫ్లాప్స్ కావాల్సిందే. జార్జ్ ఆల్డ్రిచ్ గీసిన నోబ్లర్ విమానానికి అంత పేరొచ్చింది అందుకే. పోటీకి పోయేనాటికి అలాంటిది కట్టుకోవాలి. కట్టడం ఒక విద్య, ఎగరేయడం ఇంకో విద్య. రెంటినీ ఒకే విమానం మీద ఒకేసారి నేర్పితే రెండోది రాదు.

మీ పిల్లలు ఎయిర్ వింగ్‌లో ఉంటే మొదటి విమానం పాత బోర్డుతోనే చేయించండి, బాల్సా డబ్బులు ప్రొపెల్లర్లకు పెట్టండి. మైదానం పక్కన కరెంటు తీగలుంటే మాత్రం వైర్లు విప్పనివ్వకండి. స్టీలు వైరు ఒక కొస పిల్లల చేతిలో ఉంటుంది.