ఎదుటివారి గాయం, తమ బాధ్యత: ఇజ్హార్, కనఫానీ నవలికల్లో పరస్పర గుర్తింపు

వ్యాససంగ్రహం: ఎస్. ఇజ్హార్ హీబ్రూ నవలిక ‘ఖిర్బెత్ ఖిజే’ (1949), ఘస్సాన్ కనఫానీ అరబిక్ నవలిక ‘హైఫాకు తిరిగిరాక’ (1969) రెండింటికీ 1948 యుద్ధమే మూలం. రెండింటిలోనూ ఒక జాతి మనిషికి మరో జాతి మనిషి బాధలో తన చరిత్ర కనిపిస్తుంది. అయినా సయోధ్య కుదరదు. ఎదుటివారి బాధను గుర్తించడానికీ, ఆ బాధలో తమ పాత్రను అంగీకరించడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ రచనలు ఎలా చిత్రించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నక్బా, షోవా, ప్రవాసం, అభిజ్ఞానం, సయోధ్య, ఇజ్హార్, కనఫానీ.

1. ప్రవేశిక

1993 సెప్టెంబరు 9న యాసర్ అరాఫత్, యిట్జాక్ రబీన్ ‘పరస్పర గుర్తింపు’ లేఖలు మార్చుకున్నారు. శాంతిభద్రతలతో మనుగడ సాగించే హక్కు ఇజ్రాయెల్‌కు ఉందని అరాఫత్ లేఖ అంగీకరించింది. పాలస్తీనా విమోచన సంస్థను పాలస్తీనా ప్రజల ప్రతినిధిగా రబీన్ లేఖ అంగీకరించింది. ఒక పక్షాన గుర్తింపు పొందినది రాజ్యం, మరో పక్షాన గుర్తింపు పొందినది సంస్థ. 1948లో ఇళ్లూ ఊళ్లూ కోల్పోయిన ఏడు లక్షలమందికి పైగా పాలస్తీనీయుల ప్రశ్నను ఆ వెంటనే కుదిరిన ఓస్లో ఒప్పందం తుది చర్చలకు వాయిదా వేసింది. రాజకీయం వాయిదా వేసిన ఆ ప్రశ్నను సాహిత్యం దశాబ్దాల ముందే చేపట్టింది.

2. ‘ఖిర్బెత్ ఖిజే’: గుర్తించిన సైనికుడు

ఇజ్హార్ (1916–2006) రెహోవోత్‌లో పుట్టిన రచయిత, ఇజ్రాయెల్ పార్లమెంటు సభ్యుడు కూడా. యుద్ధం ముగుస్తున్న కాలంలోనే ఈ నవలిక వెలువడింది. ఒక కల్పిత అరబ్ పల్లెను ఖాళీ చేయించి, గ్రామస్థులను లారీల్లో సరిహద్దు దాటించే దళంలో కథకుడు ఒకడు. అతనికి పేరు లేదు. ఆదేశాలను పాటిస్తూనే అతను లోలోపల కలవరపడుతూ ఉంటాడు.

కొడుకు చేయి పట్టుకుని నిబ్బరంగా నడిచిపోతున్న ఒక స్త్రీని చూసిన ఘట్టం కథకు కీలకం. అక్కడ కథకుడి మనసులో మెదిలే మాట ‘ప్రవాసం’. యూదుల సామూహిక స్మృతిలో అంత బరువైన మాట మరొకటి అరుదు. అతను ప్రవాసాన్ని స్వయంగా ఎరగడు. పెద్దలు చెప్పగా, బడిలో నేర్పగా తెలుసుకున్నాడు. తన జాతి శతాబ్దాలుగా మోసిన ఆ పదం ఇప్పుడు తన ఎదుట నడిచిపోతున్న అరబ్ స్త్రీకి వర్తిస్తోంది. పైగా ఆమెను ప్రవాసానికి పంపుతున్నవారిలో తానూ ఉన్నాడు. ఈ పదాన్వయంలోనే నవలిక నైతిక శక్తి ఉంది.

అయితే ఆ గుర్తింపు చర్యగా మారదు. కథకుడు అభ్యంతరం చెబుతాడు. ఇక్కడికి మన వలసదారులు వస్తారు, ఈ నేలను సాగు చేస్తారు అని దళనాయకుడు మోయిషే బదులిస్తాడు. లారీలు కదులుతాయి. హీబ్రూ విమర్శలో ‘కాల్చి ఏడవడం’ అనే వ్యంగ్య ప్రయోగం ఉంది. ఈ నవలికకూ దాన్ని అన్వయించడం పరిపాటి. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. కానీ ఇజ్హార్ కథకుడికి ఊరట దొరకదు. అతని దుఃఖం అతన్ని నిర్దోషిగా నిలపదు. ఆ దుఃఖం చాలదన్న సంగతిని పాఠం దాచకపోవడం వల్లనే 1978లో దీని టెలివిజన్ రూపం కూడా తీవ్ర వివాదం రేపింది.

3. ‘హైఫాకు తిరిగిరాక’: ఫలించని అభిజ్ఞానం

కనఫానీ 1936లో ఆక్రాలో జన్మించాడు. 1948లో కుటుంబంతో నిర్వాసితుడయ్యాడు. 1972లో బేరూత్‌లో కారుబాంబుకు బలయ్యాడు. ఈ నవలికలో సయీద్, సఫియ్యా దంపతులు 1948 ఏప్రిల్‌లో హైఫా పతనమైన రోజున పసిబిడ్డ ఖల్దూన్‌ను ఇంట్లోనే వదిలి వెళ్లవలసివస్తుంది. 1967 యుద్ధం తర్వాత, దాదాపు 20 ఏళ్లకు, వారు ఆ ఇంటి తలుపు తడతారు. తలుపు తీసిన మిరియమ్ పోలండ్ నుంచి వచ్చిన యూదు స్త్రీ. ఆమె తండ్రి ఆష్విట్జ్‌లో మరణించాడు. పదేళ్ల తమ్ముణ్ణి నాజీలు కాల్చి చంపారు.

వస్తువులను చూసి మనిషిని గుర్తుపట్టడం కథాసంప్రదాయంలో పాత పద్ధతి. కాళిదాసు నాటకంలో ఉంగరం దొరకగానే స్మృతి మరలివస్తుంది, పునస్సమాగమానికి దారి ఏర్పడుతుంది. కనఫానీ ఈ క్రమాన్ని తలకిందులు చేశాడు. సయీద్ ఇంట్లోని ప్రతి వస్తువునూ పోల్చుకుంటాడు. నెమలి ఈకలు ఏడుండాలి, ఐదే ఉన్నాయని కూడా గమనిస్తాడు. ఇంటి యజమానులు వీరేనని మిరియమ్ చూడగానే పోల్చుకుంటుంది. గుర్తులన్నీ దొరికాయి, బంధం మాత్రం దొరకలేదు. దోవ్ అనే పేరుతో పెరిగిన ఖల్దూన్ ఇజ్రాయెల్ సైనిక దుస్తుల్లో వచ్చి, కన్నవారిని పరాయివారిగా నిలబెట్టి ప్రశ్నిస్తాడు. రక్తసంబంధం తనంతట తాను గుర్తింపును ఇవ్వదన్న నిర్ణయానికి సయీద్ వస్తాడు.

మిరియమ్ పాత్ర ఈ నవలికకు ప్రాణం. హైఫాలో ఒక అరబ్ పిల్లవాడి శవాన్ని లారీలోకి విసిరేయడం చూసి ఆమెకు తమ్ముడు గుర్తుకొస్తాడు. ఈ దేశం విడిచి వెళ్లిపోవాలనుకుంటుంది, కానీ భర్తను ఒప్పించలేకపోతుంది. కనఫానీ పాలస్తీనా సాయుధ విమోచనోద్యమ ప్రతినిధిగా పనిచేసిన రచయిత. అయినా శత్రుపక్షపు స్త్రీకి ఆష్విట్జ్ గతాన్ని ఇవ్వడం, ఆమెను జాలి గల మనిషిగా చూపడం ఈ రచన సాహసం. అయితే ఆమె జాలి ఇంటి తాళాన్ని తిరిగి ఇవ్వలేదు. ఈ సమస్య యుద్ధంతోనే తేలుతుందన్న భావనతో సయీద్ వెనుదిరుగుతాడు.

4. సామ్యం, సమీకరణం

ఈ రెండు రచనలను పక్కపక్కన ఉంచడంలో ఒక ప్రమాదం ఉంది. షోవా 60 లక్షలమంది యూదుల సంహారం. నక్బా ఒక జాతి నిర్వాసం. వీటిని తూచి సమానమని చెప్పడం చరిత్రకు అపచారం. ఒకదాని పేరు చెప్పి మరోదాన్ని మరుగుపరచడమూ అంతే అపచారం. బషీర్ బషీర్, అమోస్ గోల్డ్‌బర్గ్ సంపాదకత్వంలో 2018లో వెలువడిన ఆంగ్ల వ్యాససంపుటి ఈ రెండు విషాదాలనూ సమీకరించకుండా కలిపి చదివే మార్గాన్ని వెదికింది. కనఫానీ చేసినదీ అదే. మిరియమ్ గతం సయీద్ నష్టాన్ని రద్దు చేయదు, సయీద్ నష్టం మిరియమ్ గతాన్ని తేలిక చేయదు. 2008లో బోఅజ్ గాఓన్ హీబ్రూ రూపాంతరం టెల్ అవీవ్‌లోని కామెరీ రంగస్థలంపై ప్రదర్శితమైంది. కనఫానీ ప్రశ్న అలా మిరియమ్ వారసుల భాషలోకి చేరింది.

5. ముగింపు

ఈ నవలికల్లో గుర్తింపు మూడు దశల్లో కనిపిస్తుంది. మొదటిది ఎదుటివారి బాధను చూడటం. రెండవది ఆ బాధలో తమ పాత్రను ఒప్పుకోవడం. మూడవది ఆ ఒప్పుకోలుకు తగిన మార్పుకు సిద్ధపడటం. ఇజ్హార్ కథకుడు రెండవ దశ దాకా వచ్చి ఆగిపోయాడు. మిరియమ్ మూడవ దశ గడప వద్ద నిలిచిపోయింది. సయీద్ ఆమె గతాన్ని విన్నాడు, కానీ ఆ వినికిడికి రాజకీయ రూపం ఏమిటో అతని కాలం అతనికి చూపలేదు. అందువల్ల వీటిని సయోధ్యా సాహిత్యంగా కీర్తించడం తొందరపాటు, కేవలం ప్రచార సాహిత్యంగా కొట్టిపారేయడం అన్యాయం. సానుభూతి ఎక్కడ ఆగిపోతుందో ఇవి కచ్చితంగా చూపాయి. 1993 నాటి లేఖల్లో లోపించినది కూడా ఆ చోటనే ఉంది: ఇల్లు కోల్పోయినవారి ప్రశ్నకు ఆ ఇంట్లో ఉన్నవారు ఇవ్వవలసిన సమాధానం.