'గడి' శబ్దం – భాషాంతర అర్థభేదాలు: నల్గొండ ప్రాంత సాహిత్య సందర్భం

1. ఉపోద్ఘాతం

భువనగిరి కొండమీది దుర్గాన్ని నల్గొండ ప్రాంతంలో 'ఖిల్లా' అంటారు. రాచకొండ మీద ఉన్నదాన్ని 'కోట' అంటారు. ఊళ్లో దేశ్‌ముఖు నివసించిన ఎత్తు గోడల ఇంటిని మాత్రం 'గడీ' అంటారు. గోడ, బురుజు, పెద్ద దర్వాజ మూడింటికీ సామాన్య లక్షణాలే. అయినా ఈ మూడు మాటలూ వ్యవహారంలో ఒకదాని చోట మరొకటి నిలబడవు. గడీని కోట అంటే అర్థం తెలియకపోదు. కానీ ఊరి మాటలో ఉన్నదేదో అందులో తగ్గిపోతుంది. ఆ తగ్గేది ఏమిటో తేల్చాలంటే ముందుగా 'గడి' అనే రెండక్షరాల మాట ఇరుగుపొరుగు భాషల్లో ఎన్ని విధాలుగా పలుకుతున్నదో చూడాలి.

ఈ పరిశీలనకు నల్గొండ తగిన ప్రదేశం. 1948 వరకు నిజాం పాలనలోనూ, 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు హైదరాబాదు రాష్ట్రంలోనూ ఈ జిల్లా భాగంగా ఉంది. ఆ రాష్ట్రంలో తెలుగు, మరాఠీ, కన్నడం ప్రజల భాషలు. నిజాం కాలంలో ఉర్దూ పాలనాభాష. ఈ నాలుగు భాషల్లోనూ 'గడి'ని పోలిన మాటలున్నాయి. ఏ రెండు భాషల్లోనూ వాటి అర్థాల పట్టిక ఒక్కటి కాదు.

2. భాషల వారీగా అర్థాలు

2.1 తెలుగు: చదరంగం బల్లమీది ఒక్కొక్క చదరం గడి. పత్రికల్లో పదాలు నింపే ప్రహేళికకు 'గడి-నుడి' అనే పేరు వచ్చింది ఈ అర్థం నుంచే. పోచంపల్లి చేనేతలోనైనా, ఏ బట్టలోనైనా నిలువు అడ్డం గీతలు కలిసి ఏర్పడే చతురస్రాలు గళ్ళు. నిఘంటువుల్లో ఈ మాటకు ఎల్ల, హద్దు అనే అర్థమూ ఉంది. సరిహద్దు కోటను చెప్పే 'గడిదుర్గం' అనే సమాసంలో ఆ అర్థం స్పష్టం. 'గడువు' అనే మాటలోనూ కాలానికి గీసిన హద్దు అనే భావం వినిపిస్తుంది. చదరమైనా ఎల్లయినా గీత గీసి ఒకచోటును మరోచోటునుంచి వేరు చేయడమే రెండింటిలోనూ ఉన్న సామాన్యాంశం.

2.2 కన్నడం: ఇక్కడ 'గడి' అంటే ప్రధానంగా సరిహద్దు. 'గడినాడు' సరిహద్దు ప్రాంతం. ఒక వ్యక్తిని జిల్లా నుంచో, దేశం నుంచో వెళ్లగొట్టడం 'గడిపారు'. బెళగావి విషయమై కర్ణాటక, మహారాష్ట్రల మధ్య ఉన్న తగాదా కన్నడిగులకు 'గడి వివాద'. మరాఠీవారికి అదే 'సీమావాద్'. మరాఠీ పాఠకుడు ఆ తగాదాలో 'గడి' అనే మాటను వాడడు. అతనికి ఆ ధ్వని మరోదాన్ని గుర్తు చేస్తుంది.

2.3 మరాఠీ: 'గడీ' అంటే మగ పనివాడు, ఇంటి నౌకరు; ఆటలో తోటి ఆటగాడు, జతగాడు కూడా. 'గఢీ' అని మహాప్రాణంతో పలికితే మాట మారిపోతుంది. అప్పుడది ఊరి పాటిల్ నివసించే బలమైన గోడల ఇల్లు. 'ఘడీ' అని మొదటి అక్షరాన్ని ఒత్తి పలికితే బట్టల మడత. పనివాడికి, యజమాని ఇంటికి మధ్య మరాఠీలో ఉన్న ధ్వనిభేదం ఒక్క ఒత్తు మాత్రమే.

2.4 ఉర్దూ, హిందీ: చిన్న దుర్గం 'గఢీ'. రాయగఢ్, ఛత్తీస్‌గఢ్ వంటి పేర్ల చివర వినిపించే 'గఢ్'కు ఇది చిన్నరూపం. 'ఘడీ' అంటే గడియారం, ఒక క్షణం. ఇది సంస్కృత 'ఘటిక' నుంచి వచ్చింది. నీటిలో తేలే చిల్లి కుండతో కాలాన్ని కొలిచిన రోజుల గుర్తు అది. ఆ ఘటికే తెలుగులో 24 నిమిషాల 'గడియ' అయింది.

2.5 తమిళం: హైదరాబాదు రాష్ట్రానికి వెలుపలిదైనా ఈ చర్చకు తమిళం ఒక హెచ్చరికలా ఉపకరిస్తుంది. తొల్కాప్పియం ఉరియియల్‌లో 'కడి' అనే ఒక్క మాటకు కాపలా, పదును, కొత్తదనం, వేగం, భయం వంటి పది అర్థాలు చెప్పబడ్డాయి. నేటి తమిళ వ్యవహారంలో 'కడి' అనగానే స్ఫురించేది కొరకడం, కాటు. ఒకే భాషలో ఒకే మాటకు పది అర్థాలుండగలిగినప్పుడు, వేర్వేరు భాషల్లో ధ్వని కలిసిందని మూలం కూడా కలుస్తుందనుకోవడం తొందరపాటు.

3. రూపసామ్యం – మూలభేదం

పై పట్టిక చూసినవారికి ఒక ఆకర్షణ కలుగుతుంది. హద్దు, కోట, పనివాడు, చదరం అన్నీ ఒకే మూలం నుంచి చీలాయని చెప్పాలనిపిస్తుంది. శాస్త్రదృష్టికి అది నిలవదు. సామాన్య తెలుగు ఉచ్చారణలో అన్యదేశ్యాల మహాప్రాణాలు అల్పప్రాణాలవుతాయి. ఉర్దూలో నాలుక మడిచి విదిల్చి పలికే ధ్వని తెలుగులో సాధారణ 'డ'కారంగా స్థిరపడుతుంది. గడీ, గఢీ, ఘడీ అనే మూడు వేర్వేరు మాటలు తెలుగువాడి నోట ఒకే రూపం పొందడానికి కారణం ఇది. వేర్లు వేరైనా తెలుగు చెవికి అవి ఒక్కటిగా వినిపిస్తాయి.

తెలంగాణ 'గడీ' దేశ్యమైన 'గడి' కాదనడానికి వ్యాకరణమే సాక్ష్యం. గుడి – గుళ్ళు, బడి – బళ్ళు అయినట్లే చదరమనే అర్థంలో గడి – గళ్ళు అవుతుంది. దొరవారి గడీకి ఈ సంధికార్యం జరగదు. దాని బహువచనం 'గడీలు' మాత్రమే. 'ఊరూరా గళ్ళు కట్టారు' అని ఏ నల్గొండ రైతూ అనడు. దీర్ఘాంతంగా నిలిచి, డకారాన్ని మార్చుకోని ఈ రూపం అది బయటినుంచి వచ్చిన మాట అని చెబుతున్నది. ఉర్దూ 'గఢీ', మరాఠీ 'గఢీ' రెండింటికీ తెలుగు రూపం సరిగ్గా సరిపోతుంది. దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, వతన్ మొదలైన మాటల సరసన ఇదీ దక్కన్ పాలనావ్యవస్థతో ముడిపడిన మాటే.

4. ఇల్లు హద్దుగా మారిన తీరు

రూపం పరాయిదే. అర్థం విషయంలో మాత్రం పరిశీలన ఇక్కడితో ఆగకూడదు. ఉర్దూలో గఢీ ఒక కట్టడం పేరు. చిన్న కోట అంటే చాలు, నిర్వచనం పూర్తవుతుంది. నల్గొండ ఊళ్లలో ఆ నిర్వచనం సరిపోదు. ఉద్యమకాలపు జ్ఞాపకాల్లో గడీ ముందునుంచి నడిచేటప్పుడు చెప్పులు విడిచి చేత పట్టుకోవలసి రావడం తరచూ కనిపిస్తుంది. చాకలి, కుమ్మరి, మంగలి, మాదిగ మొదలైన కులాలవారు వంతులవారీగా గడీకి వెట్టి చేయాలి. పిలుపు వచ్చినప్పుడు లోపలికి వెళ్లాలి. పిలవనప్పుడు ఆ గోడ దరిదాపులకు పోకూడదు. ఊరివారు గడీని దాని గదుల సంఖ్యతో కాక, తాము దాటరాని గీతతో గుర్తుపెట్టుకున్నారు.

అంటే అన్యదేశ్యమైన 'గడీ' తెలంగాణ పల్లెలో దేశ్యమైన 'గడి' అర్థాన్ని, అంటే ఎల్ల అనే అర్థాన్ని, తనలోకి తీసుకున్నది. ఇది వ్యుత్పత్తి కాదు, వ్యవహారం చేసిన పని. మరాఠీలో 'గడీ' అంటే పనివాడు కావడం కాకతాళీయమే. దానిమీద సిద్ధాంతం కట్టకూడదు. గోడ లోపల ఆ మాటకు యజమాని ఇల్లని అర్థం, వెట్టివానికి మాత్రం తన బతుకుకు గీసిన హద్దని అర్థం. ఒకే భాషలో ఒకే మాట ఇద్దరికి రెండు అర్థాలివ్వడమే ఇక్కడ ముఖ్యం.

1946 జూలై 4న నాటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో జరిగిన ఘటనను ఈ దృష్టితో చదవవచ్చు. విసునూరు దేశ్‌ముఖు దౌర్జన్యాలకు వ్యతిరేకంగా సంఘం జరిపిన ఊరేగింపు గడీ సమీపానికి చేరినప్పుడు దేశ్‌ముఖు మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమురయ్య అమరుడయ్యాడు. అంతవరకు చెప్పులు విడిచి దాటిన చోటును ప్రజలు నినాదాలతో సమీపించారు. తుపాకి పేలింది ఆ గీత దగ్గరే.

యూరప్ భాషల్లో దీనికి పోల్చదగిన ఉదాహరణ ఒకటుంది. లాటిన్‌లో 'విల్లా' అంటే భూస్వామి వ్యవసాయ క్షేత్రంలోని ఇల్లు. ఆ ఇంటికి కట్టుబడి పొలం పనిచేసేవాడిని చెప్పిన మాటే ఇంగ్లీషులో 'విలన్' అయి, చివరికి దుర్మార్గుడనే అర్థానికి వచ్చింది. ఇల్లు గౌరవం నిలుపుకున్నది. పనివాడు నింద మోశాడు. అర్థాన్ని నిర్ణయించినవారు ఇంటి లోపలివారు. తెలంగాణలో ఇందుకు భిన్నంగా జరిగింది. ఇంటి పేరే నిందావాచకమైంది. ఇక్కడ అర్థాన్ని నిర్ణయించినవారు గోడ బయటివారు.

5. సాహిత్యంలోనూ వర్తమానంలోనూ 'గడీ'

నల్గొండ జిల్లాకు చెందిన వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లోనూ, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లోనూ దేశ్‌ముఖుల వ్యవస్థ ప్రధాన వస్తువు. 'చిల్లర దేవుళ్లు'లో ఆంధ్రప్రాంతం నుంచి వచ్చిన సంగీతజ్ఞుడి చూపు పాఠకుడికి దారి చూపుతుంది. బయటివాడు కనుక అతనికి ఆ గోడల నడుమ జీవితం వింతగా తోస్తుంది. ఊరివారికి అందులో వింత లేదు. ఈ రెండు చూపుల మధ్య దూరాన్ని భరించగలిగేది 'గడీ' అనే మాటే. దాని స్థానంలో కోస్తా జమీందారీ వాతావరణాన్ని స్ఫురింపజేసే 'దివాణం' అని రాసినా, రాజులను గుర్తుచేసే 'కోట' అని రాసినా చారిత్రక సందర్భం చెదిరిపోతుంది. తెలంగాణ నవలలను ఇతర భాషల్లోకి తీసుకువెళ్లేవారు ఈ మాటను యథాతథంగా ఉంచి, సందర్భం ద్వారా అర్థం స్ఫురింపజేయడం మేలు. కన్నడ అనువాదకునికి అదనపు జాగ్రత్త అవసరం. అక్కడి పాఠకుడు 'గడి' అనగానే సరిహద్దు అనుకుంటాడు. మూలార్థానికి అది పొరపాటే అయినా, భావానికి అంత దూరం కాదు.

వర్తమానంలో ఈ మాట రెండు దారుల్లో నడుస్తున్నది. పునరుద్ధరించిన దోమకొండ కట్టడానికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు 'కోట' పేరిట వచ్చింది. కట్టడాలను కాపాడుకోవడం అవసరం. పలక మీద 'కోట' అని మాత్రమే రాసినప్పుడు చూడవచ్చినవారికి శిల్పం కనిపిస్తుంది, ఊరు కనిపించదు. రెండో దారి రాజకీయ భాషది. హైదరాబాదులోని ముఖ్యమంత్రి అధికార నివాసమైన ప్రగతిభవన్‌ను విమర్శకులు 'గడీ' అన్నారు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారినప్పుడు దాని ముందున్న ఇనుప కంచెను తొలగించి, భవనానికి జ్యోతిరావు ఫూలే ప్రజాభవన్ అని పేరు పెట్టారు. రాజకీయంగా ఎవరిది సబబు అన్నది వేరే చర్చ. భాషాపరంగా గమనించవలసింది ఒకటుంది: భవనం అలాగే ఉన్నది, తొలగినది కంచె. గడీతనం గోడల్లో కాక హద్దులో ఉందన్న ఊరి అవగాహన, వాడినవారు ఎరిగినా ఎరగకపోయినా, ఆ ప్రయోగంలో కొనసాగుతున్నది.

6. ముగింపు

'గడి' అనే ధ్వని తెలుగులో చదరం, కన్నడంలో సరిహద్దు, మరాఠీలో పనివాడు; ఒత్తు చేరితే మరాఠీ, ఉర్దూలలో చిన్న కోట. మూలాలు వేరు కనుక వీటిని ఒకే కుదురుకు చేర్చడం సరికాదు. అదే సమయంలో వ్యుత్పత్తి తేలగానే అర్థం తేలిందనుకోవడమూ సరికాదు. 'గడీలు' అనే బహువచనం ఆ మాట బయటినుంచి వచ్చిందని రుజువు చేస్తుంది. చెప్పులు చేతపట్టుకుని దాని ముందు నడిచినవారి అనుభవం ఆ మాటను తెలుగుది చేసింది. నిఘంటుకారులు 'గడీ'కి 'చిన్న కోట' అని రాసి ఊరుకోక, 'ఊరివారు అనుమతి లేనిదే దాటరాని దొర ఇల్లు' అనే అర్థాన్నీ చేర్చవలసి ఉంది. లేకపోతే రేపటి పాఠకుడికి తెలంగాణ నవలలో ఇల్లు దొరుకుతుంది. దాని ముందు ఆగి నిలబడ్డ మనిషి దొరకడు.